ఉరుకుందప్ప పుట్టి పరిశ్రమ

వెదురు బద్దలతో పెద్ద బుట్ట అల్లి, దాని అడుగున పట్టా చుట్టి, పట్టా మీద తారు పూస్తే పుట్టి అవుతుంది. గుండ్రంగా ఉంటుంది గనుక దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు వేసినప్పుడల్లా ఒక చుట్టు తిరిగి ఒక బార ముందుకు పోతుంది. ఎక్కినవాళ్ళు ఏరు దాటేలోపల నాలుగు దిక్కులనూ నాలుగైదుసార్లు చూసి దిగుతారు. గవ్వలరేవులో అలాంటి పుట్టి ఒక్కటే ఉంది. దాన్ని నడిపేది ఉరుకుందప్ప. మాటకు ముందు ఒకసారి ఏటి వైపు చూసి, చాలాసార్లు ఆ చూపుతోనే సరిపెట్టే మనిషి. మిగిలిన మాటలు అతని భార్య సుంకులమ్మ మాట్లాడేది.

ముత్తేరుకు ఇవతలి గట్టు ఒక రాష్ట్రం, అవతలి గట్టు ఇంకో రాష్ట్రం. సరిహద్దు గీత సరిగ్గా ఏటి నడుమన పోతుంది. ఊరికి కాస్త ఎగువన, ఇవతలి గట్టున కాగితం మిల్లు, అవతలి గట్టున అద్దకం ఫ్యాక్టరీ ఉన్నాయి. అందువల్ల గవ్వలరేవు దగ్గర ఏరు ఇవతలి సగం తెల్లగా నురగ కక్కుతూ, అవతలి సగం ఎర్రగా పారేది. సరిహద్దు ఎక్కడుందో రెవెన్యూ వాళ్ళు కొలవనక్కర లేకుండా కంటికి కనిపించేది.

చేపలు చచ్చి తేలే ఆ నీళ్ళు ఊళ్ళో ఎవరూ తాగరు. అవతలి గట్టున గుట్ట కింద ఒక ఊటబావి ఉంది. ఆడవాళ్ళు బిందెలతో పుట్టి ఎక్కి, ఇంకో రాష్ట్రంలోకి పోయి, నీళ్ళు తోడుకొని స్వరాష్ట్రానికి తిరిగి వస్తారు. రోజుకు పదకొండు తిరుగుళ్ళు. వంతెన మీదుగా పోవాలంటే ముప్పై మైళ్ళు. పుట్టి ఒక్కపూట ఆగితే గవ్వలరేవులో గొంతు తడవదు.

ఏటి నీళ్ళ గురించి రెండు రాష్ట్రాలకూ చట్టాలు లేవనుకోకూడదు. మొదట్లో రెండుచోట్లా ఒకటే నిబంధన: ఫ్యాక్టరీ విడిచే నీటిలో మురుగు ముప్పై పాళ్ళు మించకూడదు. అలా శుద్ధి చేయాలంటే ఖర్చు తట్టుకోలేమని, గట్టిగా అడిగితే అవతలి గట్టుకు పోతామని కాగితం మిల్లు వాళ్ళు అన్నారు. పరిశ్రమ తరలిపోతే పరువు పోతుందని ఇవతలి ప్రభుత్వం ముప్పైని అరవై చేసింది. ఆ కాగితం చేతబట్టుకొని అద్దకం ఫ్యాక్టరీ వాళ్ళు తమ ప్రభుత్వం దగ్గరికి పోయారు. అవతల నూరయింది. ఇవతల నూటయాభై అయింది. నాలుగేళ్ళలో అంకెలు అయిపోయాయి. చివరికి ఇవతలి ప్రభుత్వం, "నదిలోనికి విడువబడునది ద్రవరూపములో ఉండవలెను" అని ఉత్తర్వు వేసింది. మూడు నెలలు ఆలోచించి అవతలి ప్రభుత్వం, "సాధ్యమైనంత వరకు ద్రవరూపములో ఉండవలెను" అని వేసింది.

అంతా సాఫీగా జరిగిపోతున్న రోజుల్లో సుంకులమ్మ బర్రె ఏటిలో దిగి నడిమధ్యన నిలబడింది. నల్లగా దిగిన బర్రె ఒక పక్క ఎర్రగా, ఒక పక్క తెల్లగా పైకి వచ్చింది. దాన్ని ఎవరో ఫోటో తీసి పత్రికలో వేశారు. ఎర్ర పక్క చూసి ఇవతలి ప్రభుత్వం, తెల్ల పక్క చూసి అవతలి ప్రభుత్వం మండిపడ్డాయి. మా జీవాలను మీ పరిశ్రమ పాడుచేస్తోందంటే మీ పరిశ్రమేనని ఉత్తరాలు నడిచాయి. ఆఖరుకు ఉమ్మడి తనిఖీ జరపాలని తేలింది.

ఇవతలి రాష్ట్రం తరఫున కోదండపాణి, అవతలి రాష్ట్రం తరఫున బిల్వనాథం అనే ఇంజినీర్లు వచ్చారు. ఇద్దరి దగ్గరా తలా ఒక సీసా, తలా ఒక నిబంధనావళి ఉన్నాయి. పుట్టిలో తన రాష్ట్రం వైపు అంచున కోదండపాణి, తన రాష్ట్రం వైపు అంచున బిల్వనాథం కూర్చున్నారు. ఏ అధికారి ఏ వైపు కూర్చుంటే ఆ వైపు నీళ్ళే ఆ రాష్ట్రపు నీళ్ళని, సరిగ్గా పదిన్నరకు ఇద్దరూ ఒకేసారి సీసా ముంచాలని ముందుగానే రాజధానుల్లో తీర్మానించి సంతకాలు చేసుకున్నారు. ఆ తీర్మానం రాసినవాళ్ళు లాంచీ ఎక్కినవాళ్ళే గాని పుట్టి ఎక్కినవాళ్ళు కారు.

"సరిహద్దు రేఖ మీద ఆపవయ్యా. స్థిరంగా ఉండాలి" అన్నారు కోదండపాణి.

"ఆగదు సార్" అన్నాడు ఉరుకుందప్ప.

"ఎందుకు ఆగదు?"

"నీళ్ళు పోతాండాయి."

"వాటి సంగతి మేం చూసుకుంటాం. నువ్వు ఆపు."

ఉరుకుందప్ప తెడ్డు అడ్డం పెట్టాడు. పుట్టి జరగడం మానింది గాని తిరగడం మానలేదు. ఇద్దరూ తలలు వంచి నిబంధనావళి పైకి చదువుకుంటూ గడియారం చూసుకుంటున్నారు. పదిన్నర అయ్యేసరికి పుట్టి సగం చుట్టు తిరిగి ఉంది. ఇద్దరూ సీసాలు ముంచారు. కోదండపాణి సీసాలో ఎర్రనీళ్ళు, బిల్వనాథం సీసాలో తెల్లనురగ వచ్చాయి.

"చూశారా, మా రాష్ట్రపు జలాలలో మీ రంగు" అన్నారు కోదండపాణి, సీసా ఎండకు పట్టి.

"మా జలాలలో మీ నురగ సంగతి ఏమంటారు?" అన్నారు బిల్వనాథం.

ఉరుకుందప్ప ఏటి వైపు ఒకసారి చూసి, తప్పదనుకొని నోరు విప్పాడు. "పుట్టి తిరిగింది సార్. మీరు అవతల ఉండారు. ఆ సారు ఇవతల ఉండాడు."

"నేను కూర్చున్న చోటు నుంచి లేచానా?" అన్నారు కోదండపాణి.

"లేదు సార్."

"లేవనప్పుడు అవతలికి ఎలా పోతాను? రికార్డు ప్రకారం నేను ఇవతలే ఉన్నాను."

"నేను కూడా కదల్లేదు" అన్నారు బిల్వనాథం. "ఈ ఒక్క అంశంలో ఉభయ రాష్ట్రాలకు ఏకాభిప్రాయం కుదిరింది. రాసుకోండి."

రాసుకున్నారు. సీసాలకు లక్కముద్రలు వేశారు. దిగేటప్పుడు ఇద్దరికీ తల తిరుగుతున్నందువల్ల ఒకరి భుజం ఒకరు పట్టుకొని గట్టెక్కారు. ఆ ఫోటో కూడా పత్రికలో పడింది. కింద 'సామరస్య వాతావరణం' అని రాశారు.

పరీక్ష ఫలితాలు ఉన్నతాధికార సంయుక్త సంఘం ముందుకు పోయాయి. ఆ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నాయన చాలా నదుల వివాదాలు చూసిన పెద్దమనిషి. ఏ నదినీ దగ్గరికి పోయి చూడనందువల్ల ఆయనకు ఏ పక్షమూ లేదని పేరు. ఆయన తర్కం ఇలా సాగింది. కాగితం మిల్లు తన రాష్ట్రపు సగంలోనే, తన రాష్ట్రపు అనుమతితోనే నురగ విడుస్తోంది. కాబట్టి దాని తప్పు లేదు. అద్దకం ఫ్యాక్టరీదీ అంతే. అయినా ఇవతలి నీళ్ళలో ఎరుపు, అవతలి నీళ్ళలో నురగ ఉన్నట్టు సీసాలు చెబుతున్నాయి. అంటే ఎవరో ఇటుది అటు, అటుది ఇటు కలుపుతున్నారు. సరిహద్దు దాటి రోజూ రాకపోకలు సాగించేది ఆ ఏటిలో ఏముంది? పుట్టి ఒక్కటే. పైగా అది ఊరికే దాటదు, కవ్వంలా తిరుగుతూ దాటుతుంది.

పదిరోజుల్లో ఉరుకుందప్పకు తాఖీదు వచ్చింది. అయిదో తరగతి దాకా ఊరిబడిలో చదివినవాడు కాబట్టి వేలు పెట్టి తనే చదువుకున్నాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమరు నడుపుచున్న భ్రమణ పద్ధతి జలమిశ్రమ పరిశ్రమ వలన అంతర్రాష్ట్ర నదీజలములు కలుషితమగుచున్నట్లు రుజువైనది. సదరు పరిశ్రమను అత్యంత కాలుష్యకారక ఎర్ర తరగతిలో చేర్చడమైనది. పక్షము దినములలో శుద్ధి కేంద్రము నెలకొల్పవలెను. లేనిచో పరిశ్రమ జప్తు చేయబడును. విచారణకు తమరు పరిశ్రమ సమేతముగా హాజరు కావలెను."

"ఏం రాసినారు?" అంది సుంకులమ్మ, జొన్నరొట్టె తడుతూ.

"మన పుట్టి ఏటిని చెడగొడతాందంట."

"మిల్లు?"

"దాని పేరు ల్యాదు."

"ఎర్ర నీళ్ళోళ్ళు?"

"వాళ్ళదీ ల్యాదు."

"మరి చేపలు ఏంటికి సచ్చినాయంట?"

"మన పుట్టి తిరుగుడుకు."

సుంకులమ్మ రొట్టె పెనం మీద వేసింది. "పెండ్లయినప్పటి నుంచీ ఎక్కుతాండా, నాకు ఒగనాడు గూడ వాంతి రాల్యా. నీళ్ళలో ఉండే చేపలకు ఏం తిప్పలంట?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "పుట్టి పట్టుకపోతే బిందెలు యాడ ముంచాల?" అంది.

ఉరుకుందప్ప రొట్టె సగమే తిని లేచాడు.

విచారణ రోజున ఆర్డరు ప్రకారం పుట్టిని తలమీద బోర్లించుకొని, ఎండలో తాబేలులా నడిచి, రెండు మైళ్ళ దూరంలోని ఇరిగేషన్ బంగళాకు పోయాడు. వెనక సుంకులమ్మ తెడ్డు పట్టుకొని నడిచింది. బంగళా గుమ్మంలో పరిశ్రమ పట్టలేదు. అధ్యక్షులవారు విచారణను వరండాలోకి మార్చారు. పరిశ్రమను గోడకు ఆనించి, ఉరుకుందప్పను 'పరిశ్రమల ప్రతినిధులు' అని రాసిన కుర్చీల వరసలో కూర్చోబెట్టారు. ఒక పక్క కాగితం మిల్లు మేనేజరు, ఒక పక్క అద్దకం ఫ్యాక్టరీ మేనేజరు. ముగ్గురికీ జీడిపప్పు పలుకులు పెట్టారు.

ముందు పిలిచింది మిల్లు మేనేజరును. "మీ యూనిట్‌లో శుద్ధి కేంద్రం ఎప్పుడు పెడతారు?" అని కోదండపాణి మర్యాదగా అడిగారు.

"ఖర్చు భరించలేం సార్. బలవంతం చేస్తే అవతలి గట్టుకు తరలిపోవలసి వస్తుంది."

"అయ్యయ్యో, అంత మాట ఎందుకు? గడువు పొడిగిస్తున్నాం. కూర్చోండి."

అద్దకం మేనేజరును బిల్వనాథం అడిగారు. ఆయనా అదే మాట అన్నాడు, ఇవతలి గట్టుకు అని మార్చి. ఆయనకూ గడువు వచ్చింది.

సుంకులమ్మ స్తంభానికి ఆనుకొని ఇదంతా చూస్తోంది. మొగుడి పేరు పిలవగానే అతనికంటే ముందు తనే ముందుకొచ్చింది.

"శుద్ధి కేంద్రం ఎప్పుడు నెలకొల్పుతారు?" అన్నారు కోదండపాణి, ఈసారి మర్యాద కొంచెం తగ్గించి.

"పెట్టల్యాం సామీ. ఊకె ఒత్తిడి చేస్తే మేము గూడ అవతలికి పోతాం" అంది.

కోదండపాణి కలం కింద పెట్టారు. బిల్వనాథం కుర్చీలో ముందుకు జరిగారు.

"తరలిపోవడానికి మీ పరిశ్రమకు ఎంత కాలం పడుతుంది?" అన్నారు అధ్యక్షులవారు.

సుంకులమ్మ మొగుడి వైపు చూసింది. ఉరుకుందప్ప గొంతు సవరించుకున్నాడు. "ఒగ బీడీ కాల్చేంత సేపు సార్."

అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మిల్లు తరలిపోతానని పదేళ్ళుగా అంటోంది గాని, దాని యంత్రాలు విప్పడానికే రెండేళ్ళు పడుతుంది. ఒక్క బీడీ వ్యవధిలో రాష్ట్రం దాటగల పరిశ్రమను వాళ్ళు ఇంతవరకూ చూడలేదు. అలాంటిది పోతే, పోయాక గాని తెలియదు.

"తొందరపడకండి ఉరుకుందప్పగారూ" అన్నారు కోదండపాణి. పుట్టినప్పటి నుంచి ఉరుకుందప్పను 'గారూ' అన్నవాళ్ళు లేరు. అతను పక్క కుర్చీ వైపు చూశాడు, ఎవరినో అనుకొని. "స్థానిక పరిశ్రమలను ప్రోత్సహించడం మా ప్రభుత్వ విధానం. జప్తు మాట వెనక్కు తీసుకుంటున్నాం."

"మా రాష్ట్రంలో అసలు జప్తే లేదు" అన్నారు బిల్వనాథం. "గట్టు మీద నాలుగెకరాలు కేటాయిస్తాం."

"ఇరవై నాలుగు గంటల కరెంటు ఇస్తాం."

"మేం ట్రాన్స్‌ఫార్మర్ సహా ఇస్తాం."

"పుట్టికి కరెంటు ఏంటికి సామీ?" అంది సుంకులమ్మ.

"అది మీ ఇష్టం. ఇవ్వడం మా బాధ్యత" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మాట మీద మాట పెరిగి సాయంత్రం దాకా సాగింది. చివరికి అధ్యక్షులవారు, పరిశ్రమ సరిహద్దు మీద ఉంది కాబట్టి రెండు రాష్ట్రాలూ రాయితీలు ఇవ్వవచ్చునని తీర్పు చెప్పి, ఉరుకుందప్ప చేతికి పద్నాలుగు పేజీల దరఖాస్తు ఇచ్చారు.

దరఖాస్తు నింపడం ఉరుకుందప్ప ఎవరికీ అప్పగించలేదు. ఇంటికి తెచ్చుకొని, అరుగు మీద కూర్చొని, రెండురోజులు నింపాడు. కార్మికుల సంఖ్య: ఒకరు. యంత్రాలు: తెడ్డు. ఉత్పత్తి: అవతలి గట్టుకు పోవడం, ఇవతలి గట్టుకు రావడం. ముడిసరుకు అనే గడి దగ్గర చాలాసేపు ఆగాడు. ఫ్యాక్టరీ నీళ్ళకు తారు ఊడి, మూడు నెలలకొకసారి పట్టా చిరుగుతోంది. మంచినీళ్ళలో అయితే అదే పట్టా రెండేళ్ళు వచ్చేది. కలం నాలుకకు తాకించి, అబద్ధం రాయడం ఇష్టం లేక, ఉన్నమాట రాశాడు: "నీళ్ళు. తేటవి. తాగేటట్లుండాల."

ఊళ్ళోవాళ్ళు తాగడానికి నీళ్ళు ఇమ్మని ఇరవై ఏళ్ళుగా పెట్టుకున్న అర్జీలు రెండు రాజధానుల్లోనూ బొత్తులు బొత్తులుగా ఉన్నాయి. అవి ప్రజల అర్జీలు. ఇది పరిశ్రమ దరఖాస్తు. ముడిసరుకు అందక పరిశ్రమ ఆగితే పెట్టుబడిదారుల ముందు తలెత్తుకోలేమని ఇద్దరు మంత్రులు ఒకేరోజు ప్రకటనలు చేశారు. ఏటిని శుభ్రం చేస్తే మిల్లుకూ అద్దకానికీ ఖర్చు అవుతుంది కాబట్టి ఆ దారి వదిలేసి, తేటనీళ్ళు బయటి నుంచి తెచ్చి పరిశ్రమకు అందించాలని నిశ్చయించారు.

మరుసటి సోమవారం పొద్దున్నే ఇవతలి గట్టుకు ఒక ట్యాంకరు, అవతలి గట్టుకు ఒక ట్యాంకరు వచ్చాయి. మీద పెద్దక్షరాలతో 'పారిశ్రామిక అవసరాలకు మాత్రమే' అని రాసి ఉంది. ఆర్డరు ప్రకారం ఆ నీళ్ళను పుట్టి చుట్టూ ఏటిలో పొయ్యాలి. డ్రైవరు పైపు విప్పుతుంటే సుంకులమ్మ కొంగు నడుముకు దోపుకొని అడ్డం నిలబడింది.

"ఓ నాయనా, యాడ పోస్తాండావు?"

"ఏట్లో పెద్దమ్మా. ఆర్డరు."

"పరిశ్రమ మాదా, మీదా?"

"మీదే."

"ముడిసరుకు యాడ దించుకోవాల్నో మాకు ఎరికే. ఈ బిందెల్లో దించు."

డ్రైవరు ఆర్డరు తిరగేసి చూశాడు. ముడిసరుకును పరిశ్రమకు అప్పగించి సంతకం తీసుకోవాలని ఉంది గాని, బిందెల్లో దించకూడదని లేదు. బిందెలు వరసలో నిలబడ్డాయి. ఉరుకుందప్ప సంతకం పెట్టాడు. ఊటబావి నీళ్ళు కాస్త ఉప్పన గనుక, గవ్వలరేవులో ఇంటింటా మంచినీళ్ళతో పప్పు ఉడికిన మొదటిరోజు అది. పప్పు అంత తొందరగా ఉడుకుతుందని కొత్త కోడళ్ళకు తెలియదు. కొందరు మాడబెట్టారు.

ఎండాకాలం మొదట్లో కోదండపాణి వార్షిక తనిఖీకి వచ్చారు. చెమట కారుతోంది. సుంకులమ్మ ఇచ్చిన చెంబుడు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగి, ఇంకో చెంబు తాగి, పుట్టి పక్కన వేసిన కుర్చీలో కూర్చొని ఫైలు తెరిచారు. పుట్టి ఎరుపూ తెలుపూ చారలు పట్టి ఏటిలో తిరుగుతూ కట్టుతాడుకు ఉంది.

"రోజుకు రెండు ట్యాంకర్ల ముడిసరుకు తీసుకుంటున్నారు. బాగుంది. కాని మీ పరిశ్రమ నుంచి వ్యర్థజలాలు విడుదలైనట్టు ఒక్క చుక్క కూడా రికార్డులో లేదు. లోపలికి పోయింది బయటికి రాకపోవడం ఏ పరిశ్రమలోనూ జరగదు. విడుదల చూపించకపోతే ముడిసరుకు సరఫరా నిలిపివేయవలసి వస్తుంది."

సుంకులమ్మ ముఖంలో నవ్వు పోయింది. గట్టున బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. ఉరుకుందప్ప ఏటి వైపు చూశాడు. ఈసారి ఆ చూపుతో సరిపోలేదు.

"విడస్తాండాం సార్" అన్నాడు.

"ఎక్కడ?"

"ఊరంతా. పొద్దున్నే చెంబు పట్టుకొని పోయేటోళ్ళంతా మా పరిశ్రమ పనోళ్ళే. ఎవుడి వంతు వాడు విడస్తాడు. తుమ్మచెట్ల కాడ కొంత, దిబ్బ కాడ కొంత."

గట్టు మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కోదండపాణి నవ్వలేదు. ఆయన కాసేపు కలం బుగ్గకు ఆనించుకొని ఆలోచించి, నిబంధనావళిలో రెండు పేజీలు తిరగేసి, ఫైలులో రాశారు: "పరిశ్రమ వికేంద్రీకృత విసర్జన విధానాన్ని అవలంబిస్తున్నది. నదిలోనికి ఏమియు విడువబడుట లేదు. మిగతా పరిశ్రమలకు ఆదర్శప్రాయం. ముడిసరుకు సరఫరాను కొనసాగించవచ్చును."

సంతకం చేసి, ముద్ర వేసి, ఫైలు మూశారు. లేచి నిలబడి అటూ ఇటూ చూశారు. రెండు చెంబుల నీళ్ళు తాగిన మనిషి కాసేపు అలా కాళ్ళు మార్చుకుంటూ నిలబడి, ఉరుకుందప్ప దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు.

"పుట్టి విప్పు. అవతలికి పోయి రావాలి."

ఉరుకుందప్పకు విషయం అర్థమైంది. "ఈడనే ఉండాయి గదా సార్ తుమ్మచెట్లు" అన్నాడు.

"ఇది మన రాష్ట్రం కదయ్యా" అన్నారు కోదండపాణి, ఫైలు చంకన పెట్టుకొని పుట్టిలోకి అడుగు పెడుతూ.